ఉజ్జాయింపు లెక్కల్లో గుట్టు ఎక్కడ దాచాలి? అయిదు దారుల పోలిక

లెక్క కాస్త అటూ ఇటూ అయినా పని చెడని చోట కచ్చితత్వాన్ని కొంత వదులుకుని, బదులుగా కరెంటో సమయమో మిగుల్చుకోవడమే అప్రాక్సిమేట్ కంప్యూటింగ్. ఫొటోలో ఒక పిక్సెల్ విలువ 200 రావలసిన చోట 201 వస్తే చూసేవాళ్లకు తెలియదు. వీడియో, మాటల గుర్తింపు, న్యూరల్ నెట్‌వర్క్‌లు, సెన్సర్ కొలతలు, ఇవన్నీ ఈ వెసులుబాటు ఉన్న పనులే.

వెసులుబాటు ఉన్న చోట దాచుకోవడానికీ చోటు దొరుకుతుంది. పరికరం గుర్తింపు సంఖ్య, డేటా ఎవరిదో చెప్పే వాటర్‌మార్క్, చిప్ డిజైన్ సొంతదారు ముద్ర లాంటివి ఆ కంటికి ఆనని తేడాలో పెట్టేయవచ్చు. అయితే అదే చోట పరాయివాళ్లూ ఏదో ఒకటి పెట్టవచ్చు. మనం ఏమీ పెట్టకపోయినా మన గుట్టు అందులోంచి బయటికి పోవచ్చు. అందుకే ఈ పద్ధతుల్లో ఏది మంచిదని ఎవరైనా అడిగితే, ఎంత కరెంటు మిగులుతుందో తర్వాత చూద్దాం, మీ లెక్కలో వచ్చే తప్పులు ఎవరి కంట పడతాయో ముందు చెప్పండి అంటాను.

## ఏ కొలతలతో చూడాలి

మొదటిది ఎదుటివాడు ఎవరన్నది. ఫలితాన్ని చూడగలిగేవాడు ఒక రకం. ఫలితాన్ని మార్చి మళ్లీ పంచగలిగేవాడు రెండో రకం. పరికరాన్నే చేతిలో పెట్టుకుని వోల్టేజ్, ఉష్ణోగ్రత మార్చి ఆడుకోగలిగేవాడు మూడో రకం. మొదటివాడి ముందు బాగా నిలిచే పద్ధతి మూడోవాడి ముందు తేలిపోతుంది.

రెండోది, మీకు కావలసింది కనబడకపోవడమా, చెరగకపోవడమా? ఈ రెండూ కలిపి అడిగేవాళ్లే ఎక్కువ. రహస్య సందేశానికి అది అక్కడ ఉందన్న అనుమానమే రాకూడదు. వాటర్‌మార్క్ ఉందని అందరికీ తెలిసినా ఫరవాలేదు, తుడవబోతే సరుకు పాడైపోవాలి. మొదటిదానికి సంఖ్యల అడుగు బిట్లు, అంటే విలువను అతి తక్కువగా మార్చే చివరి బిట్లు, బాగుంటాయి. రెండోదానికి అవే అన్నిటికన్నా అధ్వానం, ఎందుకంటే అడుగు బిట్లను తుడిచేస్తే సరుకుకు ఏమీ కాదు.

మూడోది తట్టుకునే శక్తి. మామూలుగా ఫొటోల్లో దాచేవాళ్లకు భయం పరాయివాళ్ల కుదింపు నుంచి. ఇక్కడ మాత్రం భయం సొంత ఇంటి నుంచే. ముందు దశలో మీరు చివరి బిట్లలో దాచిందాన్ని తర్వాతి దశలో మీ సిస్టమే ఉజ్జాయింపు పేరుతో కోసేస్తుంది. ఎక్కడ దాచాలన్న ప్రశ్నలో సగం, ఏ దశ తర్వాత దాచాలన్నదే.

నాలుగోది, దాచిందాన్ని మళ్లీ అలాగే తీయగలమా అన్నది. చిప్ భౌతిక స్వభావం మీద ఆధారపడే పద్ధతులు ఎండకూ చలికీ, వయసుకూ మారుతుంటాయి. ఎంత సమాచారం పడుతుంది, ఎంత ఖర్చవుతుంది అన్నవి ఆ తర్వాత. పరికరం గుర్తుకు 128 బిట్లు చాలు కాబట్టి చోటు గురించి టెన్షన్ పడవలసిన సందర్భాలు తక్కువే.

ఒక్క హద్దు మాత్రం ఏ దారిలో వెళ్లినా దాటకూడదు. రహస్య కీలు (డేటాను గుప్తం చేయడానికి, విప్పడానికి వాడే సంఖ్యలు), యాదృచ్ఛిక సంఖ్యలు, మెమరీ చిరునామాలు, ఎన్‌క్రిప్షన్ లెక్కలు ఎప్పుడూ కచ్చితంగానే జరగాలి. ఆర్‌ఎస్‌ఏ అనే పద్ధతిలో డిజిటల్ సంతకాన్ని త్వరగా చేయడానికి చైనీస్ శేష సిద్ధాంతం అనే గణిత చిట్కా వాడుతున్నప్పుడు ఒకే ఒక్క తప్పు సంతకం బయటికి వచ్చినా దాన్నుంచి రహస్య కీ రాబట్టవచ్చని బోనే, డిమిల్లో, లిప్టన్ 1997లోనే చూపించారు. ఉజ్జాయింపు డేటా, కచ్చితమైన డేటా కలిసిపోకుండా ప్రోగ్రామింగ్ భాషలోనే కంచె కట్టే ఎనర్‌జే లాంటి ప్రయత్నాలు 2011 నుంచే ఉన్నాయి. అందులో ఉజ్జాయింపు విలువను కచ్చితమైన చోట వాడాలంటే ప్రోగ్రామర్ తానుగా ఒప్పుకుని రాయాలి. మీరు వాడే భాషలో అలాంటి సదుపాయం లేకపోతే కనీసం కోడ్ రివ్యూలో ఆ గీత ఎక్కడుందో గట్టిగా అడగండి.

## ముందు ఒక మాట: దాచకుండానే పని జరిగితే?

ఈ కొలత ఫలానా పరికరం నుంచే వచ్చింది, దారిలో ఎవరూ మార్చలేదు అని తేలితే చాలనుకుంటే, రహస్య కీతో లెక్కగట్టే మామూలు క్రిప్టో ముద్రే మేలు. హెచ్‌మ్యాక్-షా-256 ఇచ్చే ముద్ర 32 బైట్లు. దాన్ని 16 బైట్లకు కుదించి వాడడం మామూలే. బ్యాటరీ మీద బతుకుతూ చిన్న చిన్న ప్యాకెట్లు పంపే రేడియో పరికరానికి ఆ 16 బైట్లు కూడా భారమే కావచ్చు, లెక్క చేయడం కన్నా గాలిలోకి పంపడానికే ఎక్కువ కరెంటు పోతుంది కనుక. ఆ భారం మోయగలిగితే మిగతా వ్యాసం చదవకపోయినా నష్టం లేదు.

ఇక్కడ కాలు జారేది వరస విషయంలో. ముద్ర వేశాక ఒక్క బిట్ మారినా ముద్ర చెల్లదు. కాబట్టి ఉజ్జాయింపు మెమరీలో, అంటే బిట్లు అప్పుడప్పుడు తప్పినా సరేనని కరెంటు తగ్గించి నడిపే మెమరీలో, పడుకోబెట్టే డేటాకు ముందే ముద్ర వేయడం దండగ. లెక్క పూర్తయి ఫలితం స్థిరపడ్డాక వేయాలి. ఎన్‌క్రిప్షన్‌కూ ఇలాంటి చిక్కే ఉంది. ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్‌ను, ఒక్కో ముక్కను దాని ముందు ముక్కతో ముడివేసే సీబీసీ పద్ధతిలో వాడి, గుప్తంగా మారిన డేటాను ఉజ్జాయింపు మెమరీలో ఉంచితే, అక్కడ ఒక బిట్ తిరగబడినప్పుడు విప్పాక మొత్తం 16 బైట్ల ముక్క చెత్త అవుతుంది, దాని పక్క ముక్కలో ఇంకో బిట్ తప్పుతుంది. ఒక్కో బిట్‌ను విడిగా గుప్తం చేసే సీటీఆర్ పద్ధతిలో ఆ ఒక్క బిట్టే తప్పుతుంది. ఉజ్జాయింపు నిల్వకు సరిపడేది సీటీఆరే. దాని వెల ఏమిటంటే, ఎదుటివాడు కూడా తనకు నచ్చిన బిట్‌ను తిప్పగలడు, మీకు తెలియదు. సీటీఆర్‌కు మార్పులు పట్టుకునే ముద్రను కలిపిన జీసీఎం వాడితే, మెమరీలో సహజంగా వచ్చిన తప్పుకే ముద్ర విరిగిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

## 1. సంఖ్యల చివరి బిట్లలో

అన్నిటికన్నా తేలిక దారి. 32 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యలో 1 బిట్ ప్లస్సో మైనస్సో చెబుతుంది, 8 బిట్లు సంఖ్య పరిమాణాన్ని చెప్పే ఘాతాంకానివి, 23 దాని అంకెలను చెప్పే మాంటిసావి. మాంటిసా చివరి 8 బిట్లలో మీకు నచ్చింది రాసేసినా సంఖ్య మారేది 32,768లో ఒక వంతు లోపే. చాలా సెన్సర్ల సొంత తప్పే దీనికన్నా ఎక్కువ ఉంటుంది. 128 బిట్ల ముద్రకు అలాంటి సంఖ్యలు 16 సరిపోతాయి. అదనపు బైట్ ఒక్కటి కూడా పంపనక్కరలేదు కనుక పైన చెప్పిన రేడియో భారం తప్పుతుంది. ముద్రను సంఖ్యల పై బిట్ల మీద లెక్కగట్టి చివరి బిట్లలో పెడితే, మార్పులు పట్టుకునే ఏర్పాటు ఖర్చు లేకుండా దొరికినట్టే.

కానీ చివరి బిట్లు నిజంగా యాదృచ్ఛికంగా కనబడుతున్నాయా అన్నది ముందు చూడాలి. సెన్సర్ కొలతను సంఖ్యగా మార్చే 12 బిట్ల అనలాగ్-డిజిటల్ కన్వర్టర్ ఇచ్చిన పూర్ణాంకాన్ని నేరుగా ఫ్లోటింగ్ పాయింట్‌లోకి మారిస్తే మాంటిసా అడుగున 12 బిట్లు ఎప్పుడూ సున్నాలే. అక్కడ ఎన్‌క్రిప్ట్ చేసిన సందేశం పెడితే ఎడారిలో చెట్టులా కనబడుతుంది. క్యాలిబ్రేషన్ గుణకంతో గుణించాక ఆ బిట్లు నిండుతాయి, అప్పుడు దాచడానికి అర్థం ఉంటుంది. ఫొటోల్లో కథ ఇంకాస్త తిరకాసు. 8 బిట్ల పిక్సెళ్ల చివరి బిట్‌ను యాదృచ్ఛిక బిట్లతో నింపితే 200, 201 లాంటి పక్కపక్క జంటలు ఎన్నెన్ని సార్లు వస్తాయన్న లెక్క సమానం కావడం మొదలవుతుంది. ఆ సమానత్వాన్నే పట్టుకుని దాపరికాన్ని కనిపెట్టవచ్చని వెస్ట్‌ఫెల్డ్, ఫిట్జ్‌మన్ 1999లో చూపించారు.

తట్టుకునే శక్తి దాదాపు సున్నా. సంఖ్యను బీఫ్లోట్16 అనే 16 బిట్ల పొట్టి రూపానికి మారిస్తే 23 మాంటిసా బిట్లలో 7 మిగులుతాయి, 16 బిట్ల హాఫ్ ప్రెసిషన్‌కు మారిస్తే 10 మిగులుతాయి. మీరు దాచింది ఏ రకంగానూ మిగలదు. కూడికల వరస మారినా ఫ్లోటింగ్ పాయింట్ చివరి బిట్లు మారతాయి, కాబట్టి దాచాక ఆ సంఖ్యలతో ఏ లెక్కా చేయకూడదు. పంపేవాడికీ అందుకునేవాడికీ మధ్య ఎవరూ ముట్టుకోని దారి ఉంటేనే ఇది పనికొస్తుంది.

## 2. వోల్టేజ్ తగ్గించగా వచ్చే తప్పుల్లో

చిప్‌లో స్విచింగ్‌కు పోయే శక్తి వోల్టేజ్ వర్గాన్ని బట్టి ఉంటుంది. వోల్టేజ్ 10 శాతం తగ్గిస్తే ఆ శక్తి 19 శాతం తగ్గుతుంది. తగ్గించేకొద్దీ గేట్లు నెమ్మదిస్తాయి, క్లాక్ కొట్టేసరికి సిగ్నల్ నడిచే పొడవైన దారులు పూర్తికావు, తప్పులు మొదలవుతాయి. ఏ దారి ఎప్పుడు ఆలస్యమవుతుందన్నది ఆ చిప్ తయారీలో వచ్చిన సూక్ష్మమైన తేడాలను బట్టి ఉంటుంది. ఒకే డిజైన్‌తో వచ్చిన రెండు చిప్‌లు వేరువేరు తప్పులు చేస్తాయి. ఆ తప్పుల తీరునే పరికరం సంతకంగా వాడుకోవచ్చని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో వోల్టా అనే పద్ధతితో ప్రతిపాదించారు.

ఇందులో ఆకర్షణ ఏమిటంటే కీని ఎక్కడా నిల్వ చేయనక్కరలేదు. దొంగిలించడానికి మెమరీలో ఏమీ ఉండదు. చాలామంది ఇక్కడే పడిపోతారు. నేను మాత్రం మూడు విషయాలు చూడకుండా ఒప్పుకోను.

ఒకటి, తప్పులు వచ్చే చోటు. క్యారీ అడుగు నుంచి పైకి పాకే కూడిక సర్క్యూట్‌లో పొడవైన దారి పై బిట్ల దగ్గర ముగుస్తుంది. అందువల్ల వోల్టేజ్ తగ్గించినప్పుడు తప్పేవి ఎక్కువగా పై బిట్లే. తప్పు అరుదుగా వచ్చినా వచ్చినప్పుడు పెద్దగా ఉంటుంది. చివరి బిట్ల పద్ధతిలా చిన్న తేడా అనుకుని అడుగు వేస్తే ఫలితాలు పాడవుతాయి.

రెండు, నిలకడ. ఉష్ణోగ్రత మారితే తప్పుల తీరు మారుతుంది, చిప్ పాతబడితే మారుతుంది. అందుకుని అచ్చంగా సరిపోలాలని అడగకుండా ఇంత దగ్గరగా ఉంటే చాలు అని హద్దు పెట్టాలి, తప్పులు దిద్దే కోడ్ జోడించాలి. హద్దు వదులు చేసినకొద్దీ వేరే చిప్ కూడా దూరిపోయే అవకాశం పెరుగుతుంది.

మూడు, అనుకరణ. చిప్ సహజ స్వభావం మీద ఆధారపడే పేరున్న గుర్తింపు సర్క్యూట్లు కొన్నిటిని, తగినన్ని ప్రశ్న-జవాబు జంటలు దొరికితే మెషిన్ లెర్నింగ్‌తో అనుకరించవచ్చని 2010లోనే తేలింది. కూడిక సర్క్యూట్ నిర్మాణం అందరికీ తెలిసిందే కనుక ఇక్కడ ఆ భయం ఎక్కువే. జవాబులను నేరుగా గాల్లోకి వదిలే డిజైన్ అయితే వద్దనే చెబుతాను.

వీటన్నిటికీ తోడు, వోల్టేజ్ మీట ఎవరి చేతిలో ఉందన్నది పెద్ద ప్రశ్న. సాఫ్ట్‌వేర్ నుంచి వోల్టేజ్ తగ్గించి ఇంటెల్ ప్రాసెసర్లలోని ఎస్‌జీఎక్స్ రక్షణ గదిలో జరిగే లెక్కల్లో తప్పులు పుట్టించవచ్చని 2019లో ప్లండర్‌వోల్ట్ దాడి చూపించింది. అంతకు ముందు 2017లో క్లాక్‌స్క్రూ దాడి ఫోన్ ప్రాసెసర్‌లో శక్తి పొదుపు ఏర్పాటునే ఇలా వాడుకుంది. పొదుపు కోసం మీట పెడితే ఆ మీటకూ తాళం కావాలి.

## 3. రిఫ్రెష్ తగ్గించిన డీర్యామ్‌లో

ఫోన్లు, కంప్యూటర్ల ప్రధాన మెమరీ అయిన డీర్యామ్‌లో ప్రతి బిట్ ఒక చిన్న కెపాసిటర్‌లో ఉండే చార్జ్. అది కారిపోతూ ఉంటుంది కనుక మామూలుగా 64 మిల్లీసెకన్లకు ఒకసారి మళ్లీ నింపాలి, రిఫ్రెష్ అంటే ఇదే. నిజానికి చాలా సెల్స్ అంతకన్నా ఎంతో ఎక్కువ సేపు నిలబడతాయి, ఈ గడువు కొద్దిపాటి బలహీనమైన వాటి కోసమే. ముఖ్యంకాని డేటా ఉన్న భాగాన్ని అరుదుగా నింపి కరెంటు మిగల్చవచ్చని 2011లో ఫ్లికర్ అనే పరిశోధన చూపించింది.

గుర్తింపు కోసం దీన్ని ఎంచుకోవచ్చు, పని చేస్తుంది కూడా. కానీ ఈ దారి గురించి ఎక్కువగా చెప్పవలసింది హెచ్చరికే. మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి 2015లో వచ్చిన ప్రాబబుల్ కాజ్ అనే పరిశోధనా పత్రం ప్రకారం, ఉజ్జాయింపు డీర్యామ్ గుండా వెళ్లిన ఫలితాల్లోని తప్పుల తీరు ఆ చిప్ వేలిముద్రే. పరిసరాలు మారినా, ఉజ్జాయింపు స్థాయి మారినా ఆ ముద్ర నిలబడింది. 100 లోపు ఫలితాలు చేతికి వస్తే చాలు, ముద్ర ఒక రూపానికి రావడం మొదలవుతుంది. పేరు లేకుండా ఫొటోలు పంచే మనిషి ఫోన్‌లో ఇలాంటి మెమరీ ఉంటే, ఫొటోలే ఆ ఫోన్‌ను పట్టిస్తాయి. మామూలుగా వోల్టేజ్ పద్ధతిలో బలహీనత అయిన చంచలత్వం ఇక్కడ తక్కువ. ముద్ర గట్టిగా ఉండడమే ఇక్కడ చేటు.

సొంతదారే తన పరికరాన్ని గుర్తుపట్టాలనుకునే చోట, అదీ ముడి ఫలితాలు బయటికి పోని చోట మాత్రమే ఈ దారి.

## 4. సర్క్యూట్ డిజైన్‌లోనే

చిప్ డిజైన్ చేసేవాళ్లకు ఇది అన్నిటికన్నా ఆసక్తికరం. ఉజ్జాయింపు కూడిక సర్క్యూట్లలో ఒక పేరున్న రకం, పై బిట్లను మామూలుగా కూడి, అడుగు బిట్లను ఆర్ గేట్లతో (రెండు బిట్లలో ఏ ఒక్కటి 1 అయినా 1 ఇచ్చేవి) సరిపెడుతుంది. రెండూ 1 అయినప్పుడు మాత్రమే తప్పుతుంది. ఆర్ గేట్‌కు బదులు మొదటి సంఖ్య బిట్‌ను నేరుగా పంపేసే ఏర్పాటు కూడా అడుగు స్థానాల్లో చెల్లుతుంది, తప్పు ఎంతవరకు అన్న బడ్జెట్ లోపలే ఉంటుంది. ఒక్కో స్థానంలో ఈ రెంటిలో ఏది పెడతారన్నది ఒక బిట్ సమాచారం. అలాంటి ఎంపికలు డిజైన్ అంతటా వందల్లో ఉంటాయి, వాటిని సొంతదారు కీ నిర్ణయిస్తే ముద్ర పడినట్టే.

తీయడం కూడా సులువు. మొదటి బిట్ 0, రెండో బిట్ 1 ఇచ్చి చూడండి. ఆర్ అయితే 1, నేరుగా పంపేదైతే 0 వస్తుంది. చిప్ విప్పనక్కరలేదు. ఉష్ణోగ్రతకు మారదు, పాతబడినా మారదు. కాపీ కొట్టినవాడు ముద్ర తుడవాలంటే ఎంపికలు మార్చి డిజైన్‌ను మళ్లీ లేఅవుట్ చేసి, మళ్లీ పరీక్షించాలి. అంత శ్రమ పడేవాడు కాపీ ఎందుకు కొడతాడు?

దీని చీకటి వైపు ట్రోజన్లు, అంటే డిజైన్‌లో దొంగచాటుగా చేర్చే హానికర సర్క్యూట్లు. మామూలు సర్క్యూట్‌ను అసలు డిజైన్‌తో అచ్చంగా సమానమా అని గణితపరంగా పరీక్షించవచ్చు. ఉజ్జాయింపు సర్క్యూట్ దేనితోనూ సమానం కాదు. తప్పు ఎంతవరకు అని కొలవడమే మిగులుతుంది. ఆ కొలత సగటు తప్పు అయితే, ఎప్పుడో అరుదుగా వచ్చే ఒక ఇన్‌పుట్‌కు భారీ తప్పు ఇచ్చే ట్రోజన్ సగటులో కరిగిపోయి పాసైపోతుంది. బయటి వాళ్ల నుంచి ఉజ్జాయింపు బ్లాకులు కొనేటప్పుడు సగటు లెక్క చూపిస్తే సంతకం పెట్టకండి. అన్ని ఇన్‌పుట్‌లకూ కలిపి గరిష్ఠ తప్పు ఎంతో నిరూపించి ఇమ్మనండి. ఎక్కడ ఏ ఎంపిక ఎందుకు చేశారో కూడా రాసివ్వమనండి. కారణం చెప్పలేని వెసులుబాటులోనే పరాయి సరుకు ఉంటుంది.

## 5. న్యూరల్ నెట్‌వర్క్ వెయిట్లలో

ఇందులో రెండు వేరు పద్ధతులు కలిసిపోతుంటాయి. వెయిట్ల (శిక్షణలో మోడల్ నేర్చుకునే సంఖ్యల) చివరి బిట్లలో రాయడం మొదటి దారికి చుట్టమే, అన్ని లోపాలతో సహా. చోటు మాత్రం విపరీతం. 10 లక్షల వెయిట్లలో ఒక్కోదానికి 8 బిట్ల చొప్పున 10 లక్షల బైట్లు. ఈ చోటు దుర్మార్గులకూ తెలుసు. 178 మెగాబైట్ల అలెక్స్‌నెట్ మోడల్‌లో కచ్చితత్వం 1 శాతం లోపే తగ్గేలా 36.9 మెగాబైట్ల మాల్‌వేర్ దాచవచ్చని 2021లో ఈవిల్‌మోడల్ పరిశోధన చూపించింది. ఎక్కడి నుంచో దించుకున్న మోడల్‌ను వాడే ముందు తక్కువ బిట్లకు క్వాంటైజ్ చేస్తే అలా దాచినవి చాలావరకు ముక్కలైపోతాయి. వేగంతో పాటు ఉచితంగా వచ్చే శుభ్రత ఇది.

రెండో పద్ధతి శిక్షణ సమయంలోనే ముద్ర వేయడం. నష్ట ఫలనానికి (శిక్షణలో మోడల్ ఎంత తప్పిందో కొలిచే సూత్రానికి) ఒక చిన్న పదం కలిపి, వెయిట్లను రహస్య మాతృకతో గుణిస్తే సొంతదారు బిట్లు వచ్చేలా మోడల్‌ను మలుస్తారు. ఉచిదా బృందం 2017లో ప్రతిపాదించిన ఈ పద్ధతిలో 65 శాతం వెయిట్లు కత్తిరించాక కూడా ముద్ర చెక్కుచెదరలేదు. ముద్ర చాలా వెయిట్ల మీద పరుచుకుని ఉంటుంది కనుక ఉజ్జాయింపు హార్డ్‌వేర్ చేసే చిన్న తప్పులకు అది బెదరదు. ముద్ర ఉందని తెలిసి, దాన్ని కనిపెట్టి దాని మీద ఇంకో ముద్ర వేసే దాడులు మాత్రం ఆ తర్వాత వచ్చాయి. కోర్టులో ఒకే ఒక సాక్ష్యంగా దీన్ని నమ్ముకోవద్దు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| దారి | పట్టే చోటు | చెరపడం | తిరిగి తీయడం | ఎక్కువ భయం |
|---|---|---|---|---|
| మామూలు క్రిప్టో ముద్ర | 16–32 బైట్లు అదనం | తీసేస్తే తెలుస్తుంది | కచ్చితం | ఒక్క బిట్ మారినా చెల్లదు |
| చివరి బిట్లు | చాలా ఎక్కువ | అతి సులువు | ఎవరూ ముట్టకపోతే కచ్చితం | సొంత సిస్టమే కోసేయడం |
| వోల్టేజ్ తప్పులు | కొద్ది | చిప్ మార్చాలి | వేడిమి, వయసు బట్టి తేడా | అనుకరణ, మీట పరాయి చేతిలో పడడం |
| డీర్యామ్ తప్పులు | మధ్యస్థం | కష్టం | గట్టిగా నిలుస్తుంది | వాడేవారి గుట్టు బయటపడడం |
| సర్క్యూట్ ఎంపికలు | మధ్యస్థం | మళ్లీ డిజైన్ చేయాలి | కచ్చితం | ట్రోజన్లు |
| శిక్షణలో వేసిన ముద్ర | కొద్ది | తెలిసినవాడికి సాధ్యం | బాగుంటుంది | మీద ఇంకో ముద్ర |

## ఎవరికి ఏది

చిన్న బ్యాటరీ సెన్సర్లు చేసేవాళ్లకు. మధ్యలో సెన్సర్ల డేటాను అందుకుని ముందుకు పంపే గేట్‌వే సంఖ్యలను మార్చదని ఖాయమైతే పై బిట్ల మీద లెక్కగట్టిన ముద్రను చివరి బిట్లలో పెట్టండి. గేట్‌వే సగటు తీస్తుంది, కుదిస్తుంది అంటే బైట్లు ఖర్చయినా మామూలు ముద్రే. వోల్టేజ్ సంతకం కీ నిల్వకు చోటు లేని అతి చవక పరికరాలకు మాత్రమే, అదీ నష్టం చిన్నదైన చోట. తలుపు తాళాలకు వద్దు.

ఫొటో, వీడియో సేకరణలు పంచేవాళ్లకు. అడుగు బిట్లలో యాజమాన్య ముద్ర వేయడం శ్రమ దండగ. జేపెగ్ కుదింపు ఒక్కసారి జరిగితే పోతుంది. కుదింపును తట్టుకునేలా పౌనఃపున్య గుణకాల్లో వేసే వాటర్‌మార్క్‌లు వేరే ఉన్నాయి, వాటి వైపు చూడండి.

మోడల్ అమ్మేవాళ్లకు శిక్షణలో వేసే ముద్ర, చిప్ బ్లాకులు అమ్మేవాళ్లకు సర్క్యూట్ ఎంపికలు. ఇక్కడ పెద్దగా తర్జనభర్జన అక్కరలేదు.

ఏమీ దాచే పని లేదు, ఏమీ బయటికి పోకుండా ఉంటే చాలు అనుకునేవాళ్లకు అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త కావాలి, ఎందుకంటే వీళ్లే ఈ విషయం తమకు సంబంధించింది కాదనుకుంటారు. వ్యక్తుల వివరాలు బయటపడకుండా జవాబులకు యాదృచ్ఛిక శబ్దం (నాయిస్, అంటే కావాలని చేసే చిన్న తేడా) కలిపే డిఫరెన్షియల్ ప్రైవసీలో, ఆ శబ్దాన్ని మామూలు ఫ్లోటింగ్ పాయింట్‌తో తయారుచేస్తే చివరి బిట్ల తీరు అసలు జవాబును పట్టిస్తుందని మిరొనోవ్ 2012లో చూపించారు. గుప్తంగా ఉన్న డేటా మీదే ఉజ్జాయింపు లెక్కలు చేసే సీకేకేఎస్ ఎన్‌క్రిప్షన్ 2017లో వచ్చింది. విప్పిన ఫలితాన్ని ఉన్నదున్నట్టు ఇతరులకు చూపిస్తే అందులో మిగిలిన చిన్న తప్పు నుంచే రహస్య కీ దొరుకుతుందని లీ, మిచాంచియో 2021లో నిరూపించారు. రెండు చోట్లా గణితం బాగానే ఉంది, తప్పు ఉన్న బిట్లను కడగకుండా బయటికి పంపడం వల్లే గుట్టు పోయింది.

వీళ్లు చేయవలసింది, ఫలితం గడప దాటే ముందు అక్కరకు రాని బిట్లను కోసేయడం. మూడు అంకెలు చాలిన చోట మూడే ఇవ్వాలి. మిరొనోవ్ సూచించిన మందులోనూ జవాబును ముందే నిర్ణయించిన విలువల్లో దగ్గరిదానికి సర్దడం ముఖ్య భాగమే. సీకేకేఎస్‌లో కోతతో ఆగకూడదు, భద్రతా లెక్క ప్రకారం తగినంత శబ్దాన్ని కొత్తగా కలిపాకే ఇవ్వాలి. డీర్యామ్ వేలిముద్రకు మాత్రం ఈ కోత చాలదు. బలహీనమైన సెల్ తనలో ఉన్నది పై బిట్టా అడుగు బిట్టా అని చూసుకోదు, ఎక్కడైనా తిరగబడుతుంది. అక్కడ బయటికి వెళ్లే డేటాను మామూలు రిఫ్రెష్ ఉన్న మెమరీలోనే ఉంచి, ఉజ్జాయింపు భాగాన్ని పరికరం దాటని తాత్కాలిక లెక్కలకు పరిమితం చేయాలి. అలా విడదీయడం మీ ఆపరేటింగ్ సిస్టమ్‌లో కుదరకపోతే, ఆ పరికరంలో రిఫ్రెష్ పొదుపు ఆపేయండి.